8.2 నిబంధన, ఒక ప్లాస్టిక్ బకెట్టు

ఐఎస్‌ఓ 14001 అనే పర్యావరణ ప్రమాణంలో 8.2 నంబరు నిబంధన ఒకటుంది. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవాలి, రాసుకున్నదాన్ని అప్పుడప్పుడూ అభ్యాసం చేసి చూసుకోవాలి, బయటపడ్డ లొసుగులు సరిదిద్దుకోవాలి. దాని సారమంతా ఇదే. వంక పెట్టడానికేమీ లేదు. ఉత్తర చెన్నైలో, తిరువొత్తియూరు నుంచి ఎన్నూరు దాకా ఉన్న తీరంలో మాత్రం దీన్ని ప్లాస్టిక్ బకెట్టుతో అమలు చేస్తారు.

2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరులోని కామరాజర్ ఓడరేవు బయట రెండు నౌకలు గుద్దుకున్నాయి. ఒకటి గ్యాసు మోసే బీడబ్ల్యూ మేపుల్, రెండోది పెట్రోలియం సరుకుతో వస్తున్న డాన్ కాంచీపురం. ఈ ఓడరేవు సర్కారువారిదే. 2001లో ఎన్నూరు ఓడరేవుగా మొదలై 2014లో పేరు మార్చుకుంది. ప్రమాదం జరిగిన రోజున చకచకా ఒక ప్రకటన కూడా విడుదల చేసింది: పర్యావరణానికి నష్టం లేదు, చమురు కాలుష్యం లేదు, ఎవరికీ గాయాలు లేవు. సముద్రానికి పత్రికా ప్రకటనలు చదివే అలవాటు లేదు. ఒకటి రెండు రోజుల్లోనే ఎర్నావూరు రాళ్ల సందుల్లో నల్లటి మడ్డి మేట వేసింది. అక్కణ్ణుంచి తిరువొత్తియూరు, రాయపురం, మెరీనా. చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చేపలు ముట్టుకోవడానికి జనం భయపడ్డారు, బేరాలు పడిపోయాయి.

అప్పుడు మొదలైంది 8.2. కోస్ట్‌గార్డు సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు, జాలర్లు, కాలేజీ పిల్లలు మొదట వందల్లో, తర్వాత వేలల్లో వచ్చి, రాళ్లమీద వరస కట్టి, బకెట్లు చేతులు మార్చుకుంటూ మడ్డి తోడారు. పీల్చే యంత్రాలు తెచ్చారు గానీ ఆ చిక్కదనానికి అవి సరిగా లాగలేకపోయాయి. ఇంతకీ ఒలికింది ఎంత? మొదట అసలేమీ లేదన్నారు, తర్వాత ఏదో కొద్దిగా అన్నారు. చివరికి శాస్త్రవేత్తల లెక్క దాదాపు 200 టన్నుల దగ్గర తేలింది. ఒలికిన చమురు ఏ దిక్కుకు పోతుందో హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ గాలినీ ప్రవాహాన్నీ లెక్కగట్టి చెప్పింది. సముద్రం లేని హైదరాబాదుకు తెలిసిన సంగతి సముద్రం ఒడ్డునే కాపురమున్న ఓడరేవుకు తెలియలేదు.

ప్రణాళిక లేకనే ఇలా జరిగిందనుకుంటే అది ప్రభుత్వానికి అన్యాయం చేసినట్టే. చమురు ఒలికితే ఎవరేం చెయ్యాలన్న జాతీయ ప్రణాళిక 1996 నుంచీ ఉంది. సమన్వయం కోస్ట్‌గార్డుది, ఓడరేవు హద్దుల్లో మొదట కదలాల్సింది ఓడరేవు. 700 టన్నుల దాకా మొదటి అంచె, అంటే స్థానికంగానే చక్కబెట్టుకోదగ్గ చిన్న ప్రమాదం. కాగితం ప్రకారం ఎన్నూరులో జరిగింది ఈ చిన్నదే. బకెట్లు పట్టుకున్న వేలమందికి ఆ అంచెల సంగతి ఎవరూ చెప్పలేదు.

దాదాపు ఏడేళ్లు గడిచాయి. ఇంతలో ఎన్ని సమీక్షా సమావేశాలు జరిగాయో, ఎన్ని మాక్ డ్రిల్లులు ఫొటోలకెక్కాయో. 2023 డిసెంబరు మొదటివారంలో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు చెన్నైని ముంచేసి పోయింది. వరద తీస్తున్నకొద్దీ మణలి పారిశ్రామికవాడ పక్కన బకింగ్‌హాం కాలువలో చమురు తేలింది. ఎర్నావూరు ఇళ్ల గోడలకు నల్లటి చార పడింది. చమురు కాలువలోంచి ఎన్నూరు ఉప్పుటేటికీ అక్కణ్ణుంచి సముద్రంలోకీ పాకింది. కోస్ట్‌గార్డు విమానం పైనుంచి చూసి దాదాపు 20 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుందని చెప్పింది. గూడకొంగల రెక్కలు నల్లబడ్డాయి, వలలు పనికిరాకుండా పోయాయి, పడవల అడుగులు జిడ్డుకట్టాయి.

ఆ కాలువను తెలుగువాళ్లకు పరిచయం చెయ్యనక్కర్లేదు. కాకినాడ వైపు నుంచి విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా పడవలు నడిచిన కాలువే అది. మద్రాసు నుంచి ఎన్నూరుకు 1806లో తవ్విన ముక్కతో మొదలై, 1877-78 కరువులో ఆకలిగొన్న కూలీల చేతుల మీదుగా పొడవు పెరిగి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకుంది. ఇవాళ దాని మణలి ముక్కలో పడవలు లేవు, ఉన్నదేమిటో పైనే చెప్పుకున్నాం.

కాలువ పక్కనున్న పెద్ద కర్మాగారం చెన్నై పెట్రోలియం కార్పొరేషన్. 1965లో మద్రాస్ రిఫైనరీస్‌గా పుట్టింది, ఇప్పుడు ఇండియన్ ఆయిల్‌కు అనుబంధ సంస్థ. ఐఎస్‌ఓ 14001 ఉన్న సంస్థ. తమ పైపులైన్లు ఎక్కడా లీకు కాలేదని సంస్థ చెప్పింది. వరద వచ్చింది, రిజర్వాయర్ల నీళ్లు వచ్చాయి, ఆవరణ మునిగిందన్నది దాని వాదన. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి వెళ్లి చూసి, ఆవరణలో వాననీటిని పట్టే ఏర్పాటు చాలకపోవడం వల్లే చమురు వరదతోపాటు బయటికొచ్చిందని తేల్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. ఎవరు చెప్పింది నిజమైనా ఒక సంగతి మిగులుతుంది. డిసెంబరులో చెన్నైకి వాన రావడం ఊహించరాని ఉపద్రవమేమీ కాదు. 2015 డిసెంబరులో ఊరంతా మునిగింది. పర్యావరణ వ్యవస్థ ఉన్న ఫ్యాక్టరీకి వాన ఆశ్చర్యం కలిగించిందంటే, ఆ వ్యవస్థను ఏ రుతువులో రాశారో అడగాల్సిందే.

రిజర్వాయర్ల మాట వచ్చింది గనుక ఇంకొకటి. పూండి జలాశయం నిండితే మిగులు నీళ్లు కొసస్తలై నదిలోంచి ఎన్నూరుకే పోవాలి. ఆ పూండికి కండలేరు నుంచి తెలుగుగంగ కాలువ నీళ్లు 1996 నుంచీ వస్తున్నాయి. రాయలసీమ, నెల్లూరు రైతులు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే కృష్ణమ్మలో కొంత చివరికి ఏ మడ్డిలో కలుస్తున్నదో వాళ్లకు ఎవరూ చూపించలేదు, అంతే.

తోడే పని మళ్లీ మొదలైంది. చమురును అడ్డగించే బూములు, పైనుంచి తోడే స్కిమ్మర్లు వచ్చాయి, అయితే వాటికంటే ముందు కుప్పాల జాలర్లు తమ పడవలే ఎక్కి, డ్రమ్ములు పెట్టుకుని తోడటం మొదలుపెట్టారు. ఈసారి బకెట్లతోపాటు మగ్గులు కూడా కనిపించాయి. ప్రమాణం కోరేది నిరంతర మెరుగుదల. 2017లో బకెట్టు, 2023లో బకెట్టూ మగ్గూ. నిబంధన ఉల్లంఘన జరిగిందని ఏ ఆడిటరూ అనలేడు. రాష్ట్ర ప్రభుత్వం నష్టపోయిన జాలరి కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, పడవల మరమ్మతుకు 10,000 చొప్పున ప్రకటించింది. చమురు కేంద్ర సంస్థది, పరిహార ప్రకటన రాష్ట్రానిది, ఒళ్లు జాలరిది.

ఇంతకీ ఏమిటీ 14001? 1992లో బ్రిటన్ బీఎస్ 7750 అని ఒకటి రాసుకుంది. 1996లో జెనీవాలోని ఐఎస్‌ఓ తన 14001 తెచ్చింది, 2004లోనూ 2015లోనూ సవరించింది. ఒక విధానం రాయి, నీ పనివల్ల గాలికీ నీటికీ నేలకూ ఏం జరుగుతుందో ఒక రిజిస్టరులో ఎక్కించు, వర్తించే చట్టాలు గుర్తించు, లక్ష్యాలు పెట్టుకో, లోపల ఆడిట్ చేసుకో, పైవాళ్లు కూర్చుని సమీక్షించండి, మళ్లీ మొదటికి రా. పెద్ద బుర్రలు కూర్చుని రాసిన బుద్ధిమంతుల పద్ధతే.

ప్రభుత్వాలకు ఇది తెగ నచ్చేసింది. 2000 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ 13148 నంబరు ఉత్తర్వు ఇచ్చి, 2005 ఆఖరుకల్లా తగిన ఫెడరల్ కేంద్రాలన్నింట్లో పర్యావరణ నిర్వహణ వ్యవస్థ ఉండి తీరాలన్నాడు. 2007లో బుష్ దాని స్థానంలో 13423 తెచ్చాడు. 2009లో ఒబామా 13514, మళ్లీ తనే 2015లో 13693. 2018లో ట్రంప్ దాన్ని రద్దుచేసి 13834. ఉత్తర్వుల నంబర్లు క్రమం తప్పకుండా పెరిగాయి, దీన్ని నిరంతర మెరుగుదల కాదనలేం. ఏలికలకు ఇది నచ్చడానికి కారణం తేలిక. నదిలో విషం ఎంత తగ్గిందో కొలవాలంటే నదిలోకి దిగాలి. ఎన్ని ఆఫీసులకు వ్యవస్థ వచ్చిందో లెక్కపెట్టడానికి కుర్చీలోంచి లేవనక్కర్లేదు.

అసలు కీలకం ప్రమాణం మొదటి పేజీల్లోనే ఉంది, దాచిందేమీ లేదు. ఇంత చమురు మించరాదు, ఇంత బూడిద వదలరాదు అని ఫలానా హద్దు ఏదీ తాను పెట్టబోనని అది తనే చెబుతుంది. చట్టాన్ని పాటిస్తానని మాటివ్వాలి, క్రమంగా మెరుగవుతానని మాటివ్వాలి. ఆపైన లక్ష్యం సంస్థ ఇష్టం. తన ప్రశ్నపత్రం తనే రాసుకుని, దిద్దే మాస్టారిని తనే ఎంచుకుని, ఆయనకు రుసుము తనే కట్టే విద్యార్థి ఫెయిలవడం చాలా కష్టమైన పని. ఆ పని చేతకానంత అసమర్థ సంస్థలు మన దేశంలో తక్కువ.

మరో చిత్రమేమిటంటే, ఐఎస్‌ఓ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రమాణం రాసి అమ్మడం వరకే దాని పని. సర్టిఫికెట్ ఇచ్చేవి బయటి కంపెనీలు. 2019లో గువాహటి రైల్వే స్టేషనుకు 14001 వచ్చినప్పుడు పత్రికలు, హరిత ట్రిబ్యునల్ నుంచి ఐఎస్‌ఓ సర్టిఫికెట్ పొందిన తొలి స్టేషను అని మురిసిపోయాయి. ట్రిబ్యునల్ కోర్టులాంటిది, సర్టిఫికెట్లు ఇవ్వదు. ఐఎస్‌ఓ కూడా ఇవ్వదు. ఇవ్వని ఇద్దరి పేర్లూ కలిపి ఒక సర్టిఫికెట్టయింది, దేశమంతా చప్పట్లు కొట్టింది. పట్టాల మధ్య చూపు పడితే చప్పట్లు ఆగిపోతాయని ప్రయాణికులు కిందికి చూడకుండా జాగ్రత్తపడ్డారు.

ఆడిట్ రోజు ఎలా ఉంటుందో సర్కారు సంస్థల్లో పనిచేసిన పాఠకులకు బాగా తెలుసు. వారం ముందునుంచీ ఫైళ్లకు కొత్త లేబుళ్లు. మూడు రంగుల చెత్తబుట్టలు స్టోర్సులోంచి బయటికొస్తాయి, వాటిమీది ప్లాస్టిక్ తొడుగు మాత్రం తియ్యరు, మళ్లీ లోపల పెట్టాలిగా. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకు పర్యావరణ విధానం రెండు వాక్యాలు బట్టీ పట్టిస్తారు. ఆడిటరు అడిగితే చెప్పాలి, అడక్కపోయినా చెబుతాడు, ఎక్కడ మరిచిపోతానోనన్న భయం. ఓపెనింగ్ మీటింగులో జీడిపప్పు, బిస్కట్లు. ప్లాంటులో తిరుగుడు ఓ పూట. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్రత్యేకం. సాయంత్రం క్లోజింగ్ మీటింగులో మూడు మైనర్ ఎన్‌సీలు, అంటే ప్రమాణానికి తప్పిన చిన్న లోపాలు: ఒక మంటలార్పే సిలిండరు గడువు దాటింది, ఒక డాక్యుమెంటు మీద రివిజన్ నంబరు లేదు, శిక్షణ హాజరుపట్టీలో ఓ సంతకం తక్కువైంది. మేజరు ఎన్‌సీ పడితే సర్టిఫికెట్ ఆగుతుంది, అందుకని పడదు. నెల తిరిగేలోగా మూడూ క్లోజ్. కాంపౌండు గోడ అవతల పారేది ఆడిట్ పరిధిలోకి రాదని కాదు. దానికి రివిజన్ నంబరు లేదు, ఏ ఫైలులో చూడాలో తెలియదు.

కెనడా పరిశోధకుడు ఒలివియే బొయిరాల్ 2007లో 14001 సంస్థలను దగ్గరగా చూసి, ఇది చాలాచోట్ల బయటివాళ్లకు చూపించుకునే తంతుగా, ఆడిట్ ముందు హడావిడిగా మారిందని రాశాడు. బ్రిటిష్ పెట్రోలియం తన ప్రధాన కేంద్రాలకు 14001 ఉందని నివేదికల్లో గర్వంగా చెప్పుకునేది. 2010లో మెక్సికో సింధుశాఖలో దాని బావి పేలి 11 మంది చనిపోయారు, వారాల తరబడి చమురు చిమ్మింది. అంటే మణలి ఒక్కటే లోకువ కాదు. ఈ విద్యలో మనం ప్రపంచస్థాయిలోనే ఉన్నాం.

తిరువొత్తియూరు పరిస్థితి అంచనా వేసేందుకు సర్టిఫికెట్లు కాక వేరే కొలతలు కూడా ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచిక లెక్కగడుతుంది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. 2009లో మణలికి 76.32 వచ్చింది. అప్పుడు కార్యాచరణ ప్రణాళికలు రాశారు. 2018లో మళ్లీ కొలిస్తే 84.15 వచ్చింది. ఆ తొమ్మిదేళ్లలో ఆ ప్రాంతపు సంస్థలు ఎన్ని సర్వైలెన్స్ ఆడిట్లు గట్టెక్కి ఉంటాయో పాఠకులే ఊహించుకోవచ్చు. మార్కులు పెరిగితే సంతోషించాల్సిన పరీక్ష అనుకున్నారేమో.

2024 అక్టోబరు 25న తిరువొత్తియూరులో ఒక పాఠశాల పిల్లలకు ఘాటైన వాసనతో కళ్లు తిరిగాయి, ఊపిరాడలేదు, పదుల సంఖ్యలో ఆసుపత్రికి చేర్చారు. బడి మూశారు. నవంబరు 4న తెరిచిన రోజే మళ్లీ అదే కథ. విపత్తు దళం వచ్చింది, కాలుష్య మండలి పరికరాల బండి వచ్చింది. వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఆ రోజుల్లో తేల్చి చెప్పలేకపోయారు. చుట్టూ ఉన్న ప్రతి సంస్థ దగ్గరా తన పొగ లెక్కల రిజిస్టరు ఉంటుంది. అందరి రిజిస్టర్లూ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి ఆ గాలి ఎవరిదీ కాదని తేలుతుంది. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి పెరియకుప్పం దగ్గర ఒక ఎరువుల కర్మాగారపు సముద్రపు గొట్టంలోంచి అమోనియా లీకై జనం చంటిపిల్లల్ని ఎత్తుకుని రోడ్లమీద పరిగెత్తారు. అది ప్రైవేటు సంస్థది. ఊపిరి దగ్గర ప్రైవేటు, పబ్లిక్ తేడా లేదు.

ఇక బూడిద. ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం తమిళనాడు విద్యుత్ సంస్థది. బొగ్గు కాలిస్తే బూడిద వస్తుంది, బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల్లో సేప్పాక్కం చెరువుకు పంపుతారు, గొట్టాలు కారుతాయి, కారింది ఉప్పుటేట్లో పడుతుంది. ఏళ్ల తరబడి పడింది. రొయ్యలు, ఆల్చిప్పలు దొరికేచోట పడవ అడుగు బూడిదకు ఆనేంతగా మేట వేసింది. 2022 జులైలో హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్, ఈ కాలుష్యానికి విద్యుత్ సంస్థదే బాధ్యత అని తేల్చి, ఉప్పుటేటిని బాగుచెయ్యమంది. ఏ ఆడిట్ నివేదికా చెప్పని ఈ మాట చెప్పించడానికి జాలర్లు ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సి వచ్చింది.

బూడిద పూడ్చిందంటే అర్థం చేసుకోవచ్చు. కాగితమే ఉప్పుటేటిని పూడ్చిన కథ ఇంకా రసవత్తరం. 1996లో కేంద్రం ఆమోదించిన తీరప్రాంత పటంలో ఎన్నూరు ఉప్పుటేటి ప్రాంతం 6,469 ఎకరాలు, అందులో కట్టడాలు కూడదు. తర్వాత్తర్వాత అధికారుల చేతుల్లో ఇంకో పటం తిరిగింది. అందులో ఆ ఉప్పుటేరు చాలావరకు లేనే లేదు. 2017లో సమాచార హక్కు దరఖాస్తులతో ఈ సంగతి బయటపడి రచ్చయింది. పర్యావరణ నిర్వహణలో ఇంతకంటే పొదుపైన మార్గం ఎవరికీ తట్టదు. ఏరే లేకపోతే కాలుష్యం ఎక్కడిది? రిజిస్టరులో ఒక వరుస కూడా తగ్గింది.

ఈ తీరానికి సర్కారు చేసిన మేలు ఇప్పటిది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసు ఓడరేవు గోడలు కట్టినప్పటినుంచి దక్షిణాన మెరీనా ఇసుక పెరుగుతూ, ఉత్తరాన రాయపురం నుంచి తిరువొత్తియూరు దాకా ఒడ్డు కోసుకుపోతూ వచ్చింది. ఇసుక పోయినచోట రాళ్లు పోశారు. ఆ రాళ్ల సందుల్లోనే 2017 మడ్డి చిక్కుకుంది. ఒక శాఖ చేసిన పని ఇంకో శాఖ బకెట్టు పనిని ఇంత కష్టం చేస్తుందని ఎవరి రిజిస్టరు రాస్తుంది?

తెలుగువాళ్లకు తిరువొత్తియూరుతో ఉన్న చుట్టరికం వేరే. శిష్యుడు వీణ కుప్పయ్యర్ కోరిక మీద వచ్చాడని చెప్పే త్యాగరాజు ఇక్కడి త్రిపురసుందరి మీద ఐదు కీర్తనలు తెలుగులోనే కట్టాడు. కుప్పయ్యర్ కొడుకును సంగీత లోకం తిరువొత్తియూరు త్యాగయ్య అనే పిలిచింది. ఆయన తెలుగు వర్ణాలు ఇవాళ్టికీ పాఠాల్లో ఉన్నాయి. 2017 జనవరిలో, నౌకలు గుద్దుకోవడానికి కొద్దిరోజుల ముందు, కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ ఎన్నూరు పొగగొట్టాల మధ్య నిలబడి పోరంబోకు నేల మీద తమిళంలో ఒక పాట పాడాడు. రెండు కాలాల సంగీతకారుల మధ్య ఈ తీరం అమ్మవారి సన్నిధి నుంచి పోరంబోకు దాకా ప్రయాణించింది. ఈ ప్రయాణంలో అన్ని మజిలీలకూ అనుమతి పత్రాలు ఉన్నాయి.

ఇంత దెప్పాక న్యాయం కూడా చెప్పాలి. ప్రమాణం పాపాత్మురాలు కాదు. పక్కనే కొడుంగైయూరులో చెన్నై మెట్రోవాటర్ 2019 నుంచి రోజుకు 4.5 కోట్ల లీటర్ల మురుగునీటిని రివర్స్ ఆస్మోసిస్ దాకా శుద్ధిచేసి మణలి, ఎన్నూరు పరిశ్రమలకు అమ్ముతోంది. మంచినీళ్లు ఆ మేరకు ఊరికి మిగులుతున్నాయి. పైన తిట్లు తిన్న రిఫైనరీయే 1990ల తొలినాళ్లనుంచి ఊరి మురుగును కొని శుద్ధిచేసుకుని వాడుకుంటోంది. ఎందుకు కుదిరింది? నీళ్లకు కరువుంది, మీటరుంది, బిల్లుంది, నీళ్లు ఆగితే ప్లాంటు ఆగుతుంది. ఉప్పుటేట్లో చమురు పడితే ప్లాంటు ఆగదు. తేడా అక్కడే ఉంది. సర్టిఫికెట్ రెండుచోట్లా ఒకటే.

ఐరోపాలో 1993 నుంచి ఈమాస్ అని దీనికో అన్న ఉన్నాడు. 14001 చెప్పేదంతా చెబుతూనే, అతగాడు ఇంకో రెండు మెలికలు పెడతాడు. సంస్థ చట్టాన్ని నిజంగా పాటిస్తున్నట్టు తేలాలి. ఎంత వదిలాం, ఎంత వాడాం అన్న లెక్కల్ని బయటి తనిఖీదారు సరిచూశాక అచ్చువేసి జనానికి ఇవ్వాలి. 14001లో ఈ అచ్చువేసే బాధ్యత లేదు. చట్టం అడిగినంత, సంస్థ ఇవ్వదలుచుకున్నంతే. అందుకే మన దగ్గర సర్టిఫికెట్టు రిసెప్షన్ గోడమీద అద్దాల ఫ్రేములో ఉంటుంది, ఆడిట్ నివేదిక బీరువాలో ఉంటుంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థ ప్రభుత్వ సొమ్ముతో చేయించుకున్న తనిఖీ ప్రజలనుంచి దాచదగ్గ రహస్యం ఎలా అయిందో ఎవరూ చెప్పరు.

కాబట్టి అడగాల్సింది కొత్త ప్రమాణమూ కాదు, ఇంకో కమిటీ కూడా కాదు. కేంద్రమూ తమిళనాడూ తమ సంస్థలకు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు: సర్టిఫికెట్ వేలాడదీసిన గోడమీదే ఆ ఏటి ఆడిట్ నివేదిక, అందులో పడ్డ ఎన్‌సీలు, కాలువలోకి వదిలిన నీటి పరీక్ష ఫలితాలు తమిళంలో, ఆంధ్ర, తెలంగాణ సంస్థలయితే తెలుగులో, అతికించాలి. ఆడిటరును సంస్థ కాకుండా కాలుష్య మండలి చీటీ తీసి పంపాలి, ఖర్చు సంస్థ కట్టాలి. ఆడిట్‌లో ఓ పూట ఎర్నావూరు, కాట్టుకుప్పం, నెట్టుకుప్పం జాలర్లతో పడవలో గడపాలి. ఆసక్తిగల పక్షాలను గుర్తించమని 14001 ఎలాగూ చెబుతోంది. వీళ్లకంటే ఆసక్తిగలవాళ్లు ఆ చుట్టుపక్కల దొరకరు.

ఉత్తర్వు వచ్చేదాకా పాఠకులు చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. విశాఖ కావచ్చు, రామగుండం కావచ్చు, మణలి కావచ్చు, మీ ఊరి ప్రభుత్వ సంస్థ గేటు మీద 14001 బోర్డు కనిపిస్తే, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలూ, పర్యావరణ ప్రభావాల రిజిస్టరు నకలూ ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద రాయండి. కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబు ఇవ్వడానికి వాళ్లకున్న గడువు 30 రోజులు.